ఖాళీ కుర్చీకి పంచిన ముక్కలు

అగాదిర్ రేవు,
13 జులై 2019, శనివారం.

బెల్జియంలో ఆంట్వెర్ప్ ట్రాము డిపోలో పనిచేసే నా చిన్ననాటి స్నేహితుడు బీహీకి, రేవులో చేపలు కాల్చుకునే బెలాయిద్ సలాములు. నీకూ, నీ ఇల్లాలు ఇజ్జాకూ, ఇంకా పేరులేని ఆ చిన్నోడికీ దేవుడు నిండు ఆయుష్షు ఇవ్వాలి. ఇక్కడ మా అమ్మ బాగానే ఉంది, మోకాళ్ళు తప్ప. మీ అమ్మ లల్లా తూదా కూడా బాగానే ఉంది, నోరు తప్ప. మనవడు పుట్టిన దగ్గర్నుంచీ ఆ నోటికి విశ్రాంతి లేదు. వీధిలో కనబడ్డ ప్రతివాణ్ణీ ఆపి, పిల్లాడి ముక్కు అచ్చం తాతదేనని చెబుతోంది.

నీ ఉత్తరం అందింది. మా అమ్మ నాచేత రెండుసార్లు చదివించుకుని ఏడ్చింది. "నా కోసం జైలుకెళ్ళినవాడి పేరు నా ఇంట్లో రోజూ వినబడాలిరా, పిల్లాడికి బెలాయిద్ అని పెడుతున్నాను" అని రాశావు. కాగితాల మీద పేరు రాయించడానికి ఇంకా పది రోజులు గడువుందనీ, నెలాఖరుకి మీరందరూ వస్తున్నారనీ, మీ అమ్మ ఇంట్లో పేరు వేడుకకి పొట్టేలుని కోసేది నేనేననీ రాశావు. నువ్వు మూడుసార్లు ఫోన్ చేశావు. మూడుసార్లూ సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉందిరా. నీ గొంతు వింటే చెప్పాల్సింది చెప్పలేనని ఉత్తరం రాస్తున్నాను. ఆంట్వెర్ప్ బస్సు డ్రైవరు చేతికిస్తే నాలుగో రోజుకి నీకు చేరుతుంది.

చెప్పాల్సింది ఏమిటంటే, ఆ పేరు వద్దు.

కోప్పడకు. బెలాయిద్ అనేది ముసలాళ్ళ పేరు. మా తాతకే పాతబడిపోయింది. అక్కడ బళ్ళో ఆ పంతులమ్మలు దాన్ని నమిలి ఉమ్మేస్తారు, పిల్లాడు రోజూ ఎవడో ఒకడితో తన్నులాడుకుని ఇంటికొస్తాడు. పైగా ఈ పేరున్నవాడికి కోపం ముక్కు మీదే ఉంటుంది, నన్ను చూడటంలేదూ? హాయిగా మీ నాన్న పేరు పెట్టు. ఆయన జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

ఇక వార్తలు. ఐస్ లారీల కబ్బూర్ చచ్చాడు. రంజాన్ ఆఖరి వారంలో ఇనెజ్గాన్ సంతలో, పుచ్చకాయల బండి దగ్గర, బేరంలో మాటా మాటా పెరిగి ఎవడో మూడు పోట్లు పొడిచాడు. జైలు నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. నేను ఆస్పత్రికి వెళ్ళి శవాన్ని చూసొచ్చాను. ఎందుకు వెళ్ళావని మా అమ్మ తిట్టింది. వాడి కింది దవడ ఇంకా వంకరగానే ఉంది. అది నా చేతిపని కదా. దాన్నే కాసేపు చూస్తూ నిలబడి వచ్చేశాను.

ఆ రోజు ఏం జరిగిందో మన మోహా ఒక్కోసారి ఒక్కోలా చెబుతున్నాడనీ, నువ్వు స్పృహలో లేని గంట గురించి నన్ను రాయమనీ ఎన్నేళ్ళనుంచో అడుగుతున్నావు. నిజమే, మోహా అక్కడ కూరగాయల వ్యాపారి, నిన్నటి కథకి ఈ రోజు నీళ్ళు చల్లి అమ్ముతాడు. నేను రాస్తాను విను.

2014 ఆగస్టు, ఆదివారం. నువ్వూ మోహా సెలవలకి వచ్చి పది రోజులైంది. ప్రతి ఏడూ లాగే మొదటి పని ఆ సముద్రపొడ్డు కాసినోలో వేసవి పోకర్ టోర్నమెంట్‌కి ముగ్గురి పేర్లూ రాయించడం. నా ప్రవేశం మీరే కట్టారు, ప్రతి ఏడూ లాగే. మోహా కౌంటరు దగ్గర అందరికీ వినబడేలా, "మా బెలాయిద్ టికెట్ మాదేనమ్మా! వీడు ఓడితే నష్టం మాకు, గెలిస్తే సార్డీన్ చేపలు మీకు!" అని అరిచాడు. ఆ కౌంటరు పిల్ల పడీ పడీ నవ్వింది. నువ్వు మాత్రం నా భుజం నొక్కి, "వాడి మాట పట్టించుకోకురా" అన్నావు.

నూట నలభైమంది మొదలుపెడితే రెండో రోజు మధ్యాహ్నానికి తొమ్మిదిమంది మిగిలారు. ఆఖరి టేబుల్. మనం ముగ్గురం, మనతోపాటు కబ్బూర్. రేవులో ఐస్ లారీలన్నీ వాడివే. మిమ్మల్ని చూసినప్పుడల్లా "సెలవల దొరలు దిగారండోయ్" అనేవాడు. నీ ముందు అందరికన్నా పెద్ద గుట్ట చిప్స్ ఉన్నాయి. నా ముందు గుప్పెడే. నువ్వు నా ఎడమపక్కనే కూర్చున్నావు.

ఆ ఆట నీకు గుర్తుండే ఉంటుంది. నువ్వు పందెం పెంచావు. కబ్బూర్ తన చిప్స్ మొత్తం ముందుకు తోశాడు. నా వంతు వచ్చింది. నేను ముక్కలు చూసుకుని, నావి కూడా తోసేద్దామని చెయ్యి కదిపాను. అప్పుడు టేబుల్ కింద నువ్వు నా కాలు తొక్కావు. చిన్నప్పుడు వలల గుట్ట మీద కూర్చుని పేకాడేటప్పుడు మన ముగ్గురికీ ఉన్న గుర్తే అది. కాలు తొక్కితే 'వదిలెయ్, నా దగ్గర గట్టి ముక్కలున్నాయి, నువ్వు చస్తావు' అని. ముప్ఫై ఏళ్ళ అలవాటు. నీ కాలు పడగానే నా చెయ్యి దానంతట అదే ముక్కల్ని పడేసింది. ఏవో చెత్త ముక్కలు. నువ్వు రెండు రాజులు చూపించావు, కబ్బూర్ రెండు పదులు చూపించాడు. డీలర్ అందరికీ ఉమ్మడిగా వచ్చే అయిదు ముక్కలూ మధ్యలో పరిచాడు. చివరి ముక్క రాణి. నీ రాజులే గెలిచాయి. కబ్బూర్ ఆట అయిపోయింది.

వాడు లేవలేదు. టేబుల్ కిందకి వంగి చూసి, "తొక్కాడు! నా కళ్ళతో చూశాను, వాడి కాలు తొక్కాడు! ఈ ముగ్గురూ కలిసి ఆడుతున్నారు, దొంగ నాయాళ్ళు!" అని కేకలేశాడు. నీ చిప్స్ గుట్టని చేత్తో ఊడ్చి కింద పారేశాడు. మోహా ఊరుకోవచ్చుగా! "ఏంటి బాబాయ్, ఐస్ కరిగిపోయిందా?" అన్నాడు. కబ్బూర్ తిరగేసిన చేత్తో వాడి మూతి మీద ఒక్కటిచ్చాడు. మోహా ముక్కులోంచి రక్తం ఆ ఆకుపచ్చ గుడ్డ మీద పడింది. కబ్బూర్‌ని నలుగురు కాపలావాళ్ళు లాక్కెళుతుంటే, "బయటికి రారా బీహీ! నీ కాలు విరిచి నీ చేతిలో పెడతాను!" అని గుమ్మందాకా అరుస్తూనే ఉన్నాడు. మేనేజరు వచ్చి, ఇంకోసారి కాళ్ళు కదిలితే ముగ్గుర్నీ బయటికి పంపుతానన్నాడు. నువ్వు మర్యాదగా, "కాలు తగిలిందండీ, అంతే" అన్నావు. నీకు అబద్ధం ఆడటం చేతకాదురా. చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత పావుగంట విరామం ఇచ్చారు. సరిగ్గా అస్ర్, అంటే సాయంత్రపు నమాజు వేళ. నువ్వు చాప కోసం కారు దగ్గరికి బయల్దేరావు. మోహా ముక్కులో దూది పెట్టుకుని కూడా ఆగలేదు. "పేకాటకీ నమాజుకీ మధ్య పావుగంట! దేవుడికి కూడా విరామం ఇస్తున్నావురా" అన్నాడు. "ఆట ఒక తప్పు. దానికి నమాజు మానడం ఇంకో తప్పు ఎందుకు కలపాలి?" అని నవ్వుతూ వెళ్ళావు. అదే నీ రెండు కళ్ళతో నువ్వు మావైపు చూసిన ఆఖరిసారి.

విరామం అయిపోయింది. నువ్వు రాలేదు. అక్కడి పద్ధతి నీకు తెలిసిందే, మనిషి కోసం ఆట ఆగదు. ఖాళీ కుర్చీకి కూడా ముక్కలు పంచుతారు. ఆ కుర్చీ వంతు రాగానే డీలరే వాటిని వెనక్కి లాగేస్తాడు. వంతు ప్రకారం పెట్టాల్సిన పందెం మాత్రం వాళ్ళ చిప్స్‌లోంచి తనే తీసి మధ్యలో పెడతాడు. మనిషి లేకపోయినా గుట్ట కరుగుతూనే ఉంటుంది. అందరికన్నా ఎక్కువ కలిసొచ్చింది నాకే. అడ్డుపడటానికి ఆ కుర్చీలో ఎవరూ లేరు కదా. నేను పందెం పెంచడం, నీ చిప్స్ నా వైపు లాక్కోవడం. రెండు చుట్లలో నా గుప్పెడు రెట్టింపయింది.

మోహా కుదురుగా కూర్చోలేదు. "వీడేంట్రా, ఏ మసీదుకెళ్ళాడు? మక్కా వెళ్ళాడా?" అన్నాడు. నమాజులో ఉన్నవాణ్ణి పిలవకూడదు, వస్తాడు కూర్చోమన్నాను. మూడో చుట్టు మొదలయ్యేసరికి వాడు ముక్కలు పారేసి లేచి వెళ్ళిపోయాడు.

వాడి కేక గోడ అవతల నుంచి వినబడింది. గొంతు కోస్తున్న పొట్టేలు కూడా అలా అరవదు. నేను కుర్చీ తన్నేసి పరిగెత్తాను.

నువ్వు నీ కారుకీ చెత్త డబ్బాలకీ మధ్య చాప మీదే ఉన్నావు. చెప్పులు చాప పక్కన జంటగా, వరసగా పెట్టి ఉన్నాయి. నువ్వు సజ్దాలో నుదురు నేలకి ఆనించి ఉండగా వెనకనుంచి కొట్టారు. కబ్బూరూ, వాడి తమ్ముళ్ళిద్దరూ. టైర్లు విప్పే ఇనప కడ్డీతో. మొదటి దెబ్బ మెడ మీద. లేవబోతే రెండోది ముఖం మీద. నీ ఎడం కన్ను ఉండాల్సిన చోట ఏమీ కనబడలేదు, రక్తం మాత్రం ఆగకుండా వస్తోంది. కుడి చేతి వేళ్ళని కారు తలుపులో పెట్టి మూశారు. 'ఇంక ముక్కలు ఎలా పట్టుకుంటావో చూస్తాం' అన్నారట, పక్క హోటలు వంటమనిషి కోర్టులో చెప్పాడు. ఆగస్టు ఎండకి ఆ రక్తం సిమెంటు మీద అప్పుడే నల్లబడిపోతోంది. మోహా నీ తల ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసి, "బతికున్నాడా? నువ్వు చూడరా, నావల్ల కాదు" అని ఏడ్చాడు. నీ ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. వెచ్చగా గాలి తగిలింది.

లోపల మూడు కుర్చీలూ ఖాళీ. అయినా మనకి ముక్కలు పంచుతూనే ఉన్నారట. మన గుట్టలన్నీ అలా కరిగి కరిగి, నాకు అయిదో స్థానం వచ్చిందని మర్నాడు ఆస్పత్రికి కబురొచ్చింది. ఆ బహుమతి అక్కడికక్కడే నీ ఆపరేషన్‌కి ఇచ్చేశాను. కన్ను పోయింది, రెండు వేళ్ళు పోయాయి, మనిషివి దక్కావు. మీ అమ్మ ఈ రోజుకీ నన్ను చూస్తే చెయ్యెత్తి దీవిస్తుంది.

నాలుగో రోజు కబ్బూర్ ఐస్ గోదాంలో దాక్కున్నాడని తెలిసింది. పోలీసులకి చెబుదామని మోహా నెత్తీ నోరూ బాదుకున్నాడు. నేను వినలేదు. చేపలు కోసే కత్తి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది, కానీ అది బల్ల మీద పెట్టి, ఐస్ పగలగొట్టే గునపం తీసుకుని వెళ్ళాను. కబ్బూర్ ఐస్ దిమ్మల వెనక రొట్టె తింటున్నాడు. నన్ను చూసి లేచాడు, పారిపోలేదు. చెయ్యి చాపి ఏదో అనబోయాడు. అననివ్వలేదు. గునపం పిడితో మూతి మీద కొట్టాను. పడ్డాడు. మళ్ళీ కొట్టాను. పళ్ళు ఐస్ మీద రాలాయి. వాడు నా పిక్క పట్టుకుని కరిచాడు, ఇప్పటికీ మచ్చ ఉంది. మూడో దెబ్బకి దవడ విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది. మోహా, ఇద్దరు హమాలీలూ నన్ను వెనక్కి లాగకపోతే చంపేసేవాణ్ణే.

వాడికి నాలుగేళ్ళు, నాకు పద్నాలుగు నెలలు. జైల్లో మొదటి వారమే కబ్బూర్ మనిషి ఒకడు నా పక్కటెముకలు రెండు విరగ్గొట్టాడు. నేను వాడి చెవి కొరికాను. అక్కడ అందరూ నన్ను 'స్నేహితుడి కోసం వచ్చినవాడు' అనేవారు, టీ గ్లాసు ముందు నాకే ఇచ్చేవారు. నువ్వు ఒంటికన్నుతో, మూడు వేళ్ళతో రాసిన ఉత్తరాలు అక్కడికే వచ్చేవి. నేను లోపలున్నన్నాళ్ళూ మా అమ్మని నువ్వే చూసుకున్నావు. అది నేనెప్పుడూ మర్చిపోలేదు.

ఇదీ జరిగింది. పొట్టేలు మాట ఒప్పుకున్నాను. మంచిది చూసి, తెల్లది, మీ అమ్మ పెరట్లో కట్టేశాను. చుట్టుపక్కల పిల్లలు దానికి పుదీనా మేపి పాడుచేస్తున్నారు. ఇజ్జాకి నా సలాము. పిల్లాడి అరికాళ్ళకి నా ముద్దులు. పేరు సంగతి మాత్రం నా మాట విను, మీ నాన్నది పెట్టు.

నీ కాలి కింద కాలు పెట్టి పెరిగినవాడు,
బెలాయిద్

తా.క. సంతకం పెట్టి కవరు అంటించేశాను బీహీ. బస్సు నాలుగింటికి. అక్కడిదాకా వెళ్ళి, డ్రైవరు చెయ్యి చాపితే ఇవ్వలేక వెనక్కి వచ్చి కవరు చింపాను. పైన రాసిందంతా నిజమే, కానీ మూడుచోట్ల దాటేశాను.

మొదటిది. నువ్వు కాలు తొక్కినప్పుడు నేను పడేసినవి చెత్త ముక్కలు కావు. రెండు రాణులు. చివర్లో పడ్డది మూడో రాణి, నీ రెండు రాజుల్ని కొట్టేసేది. నువ్వు తొక్కకపోతే కబ్బూర్‌ని పంపేసేవాణ్ణి నేనే. నా గుప్పెడు ఒక్క దెబ్బకి గుట్టయ్యేది. ఎవరో కట్టిన టికెట్ కాదు, ఎవరి జాలీ కాదు, నాది. ఆరేళ్ళు మీ టికెట్ మీద కూర్చున్నానురా. నువ్వు ముక్కలు చూపించి, నన్ను కాపాడానని నా వైపు కన్ను కొట్టావు. ఆ కన్నే పోయింది.

రెండోది. విరామంలో నేను పక్క గుమ్మం దగ్గరికి వెళ్ళాను. కబ్బూర్ అక్కడే, ఒక్కడే ఉన్నాడు. నేనే చెప్పాను. "నీలం కారు, బెల్జియం నంబరు. అస్ర్ వేళకి ఒక్కడే ఉంటాడు. టైర్లలో గాలి తీస్తావో, గొడవే పెట్టుకుంటావో, అరగంట లోపలికి రానివ్వకు" అన్నాను. అంతే అన్నాను. అరగంట నువ్వు లేకపోతే నీ గుట్ట నా వైపు కరుగుతుందని. కడ్డీ మాట నేను అనలేదు. కానీ వాడి సంగతి నాకు తెలియదా? వాడు మోహాని కొట్టడం పావుగంట ముందే చూశాను కదా. తెలిసే కూర్చున్నాను. మోహా లేవబోతే ఆపింది నేనే. డీలర్ నీ చిప్స్ తీసి మధ్యలో పెట్టిన ప్రతిసారీ నేను చెయ్యి చాపి తీసుకున్నాను. నీ వేళ్ళు తలుపులో ఉన్నది ఆ చుట్టులోనే అయి ఉంటుంది.

మూడోది. గోదాంలో కబ్బూర్ అనబోయింది నాకు వినబడింది. "నువ్వే కదరా చె..." అన్నాడు. వెనకాల మోహా వస్తున్నాడు. అందుకే మూడు దెబ్బలూ నోటి మీదే కొట్టాను. అందరూ స్నేహం అన్నారు. తర్వాత కోర్టులో వాడు నోరెత్తలేదు. ముందే కాచుకుని కొట్టాడని తేలితే శిక్ష పెరుగుతుందని వాడి వకీలే మూయించాడు. ఇప్పుడు వాడు చచ్చాడు. శవం దగ్గర నిలబడి, ఇక ఈ మాట చెప్పేవాడు ప్రపంచంలో లేడని ఊపిరి పీల్చుకున్నాను. సిగ్గులేకుండా పీల్చుకున్నాను. ఆరు వారాలు హాయిగా నిద్రపోయాను. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది, పిల్లాడికి నా పేరట.

నువ్వు వాణ్ణి రోజుకి వందసార్లు పిలుస్తావు బీహీ. నన్ను పిలిచినట్టు ప్రేమగా పిలుస్తావు. నాకది వద్దు. ఇది అందిన రోజే వెళ్ళి మీ నాన్న పేరు రాయించు. పొట్టేలుని నువ్వే కొయ్యి, లేదా వేరే ఎవరికైనా చెప్పు.

నువ్వు వచ్చిన రోజు అస్ర్ వేళకి ఐస్ గోదాం వెనక ఒక్కణ్ణే ఉంటాను. మోహాని వెంట తీసుకురాకు, వాడు అడ్డం పడతాడు.